నమలలేని, మింగలేని రోజుల్లో వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నకి గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చిన 7 వారాలు, ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలు, విశాఖ సీతమ్మధారలో మా ఇంట్లో పొయ్యి మీద ఉడికిందంతా మెత్తనిదే. అప్పటి నుంచి చుట్టాల్లోనో వీధిలోనో ఎవరైనా తినలేని స్థితిలో ఉంటే నాకు ఫోన్ వస్తుంది. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగినవే ఇక్కడ రాశాను. నేను డాక్టర్నీ కాదు, డైటీషియన్నీ కాదు. మింగడంలోనే ఇబ్బంది ఉన్నవాళ్ళకి ముందు డాక్టర్ మాట వినండి, ఆ తర్వాతే ఈ వంటలు చూడండి.

జ్వరం పథ్యంలాగే గంజి, చారు ఇస్తే సరిపోదా?

నాలుగు రోజుల జ్వరానికి సరిపోతుంది. వారాల తరబడి సాగే జబ్బుకి సరిపోదు. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదటి మూడు వారాలు నాన్నకి వడకట్టిన గంజి, ధనియాల చారు, బార్లీ నీళ్ళు ఇచ్చి, రోజుకి ఆరు గ్లాసులు తాగుతున్నారు కదా అని నిశ్చింతగా ఉన్నాను. 62 కిలోల మనిషి 58కి వచ్చేశారు. బరువు చూసిన డైటీషియన్ గారు నా ఫ్లాస్కు మూత తీసి, "ఇందులో బలం ఏముందమ్మా?" అని అడిగారు. నాకు సమాధానం తోచలేదు.

తేలికగా ఉండాలంటే పల్చగా ఉండాలని మన ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. మెత్తన వేరు, పల్చన వేరు. గంజిలో ఉండేది నీళ్ళు, కాస్త పిండిపదార్థం. చారులో అదీ లేదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో ఇంచుమించు 6, గుప్పెడు పెసరపప్పులో 7 ఉంటాయి. ఇలా లెక్క వేసుకుంటే రోజంతా చారు తాగితే ఏం మిగులుతుందో మీకే తెలుస్తుంది. లంఖణం పరమౌషధం అన్న మాట ఈ జబ్బులకి వర్తించదు.

ఎంత మెత్తగా చేయాలి?

ఇబ్బంది ఎక్కడుందో చూసి చేయాలి. పళ్ళు లేకపోతే పప్పుగుత్తితో మెదిపితే చాలు. నోట్లో పుండ్లుంటే మెత్తదనం ఒక్కటే చాలదు, కారం, పులుపు, వేడి కూడా తగ్గాలి. నోరు ఎండిపోయిన వాళ్ళకి తడి కావాలి. పక్షవాతం తర్వాత మింగడం దెబ్బతిన్న వాళ్ళది పూర్తిగా వేరే సంగతి, వాళ్ళ గురించి కింద రాశాను.

మింగే ఇబ్బందికి అంతర్జాతీయంగా 0 నుంచి 7 వరకు మెట్లు పెట్టారు. నీళ్ళు 0, మామూలు భోజనం 7. స్పీచ్ థెరపిస్ట్ పరీక్ష చేసి మీ మనిషి ఏ మెట్టులో ఉన్నారో చెబుతారు. నాలుగో మెట్టు, అంటే గుజ్జులాంటిది, సరిగ్గా వచ్చిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చెంచా నిండా తీసి పక్కకి వంచితే ముద్దంతా ఒక్కసారే జారిపడాలి, చెంచాకి అతుక్కుపోకూడదు, అంచున నీరు విడిపోకూడదు. ఐదో మెట్టులో పలుకులు ఫోర్క్ పళ్ళ సందులో పట్టేంత, అంటే 4 మిల్లీమీటర్లు దాటకూడదు.

అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది. అన్నం మింగుతున్నారు, నీళ్ళు తాగితే పొలమారుతోంది. ఎందుకని?

నీళ్ళు అన్నిటికంటే తేలిక అనుకుంటాం. కానీ మింగే కండరాలు నెమ్మదించిన వాళ్ళకి నీళ్ళే కష్టం. గొంతు మూత పడేలోపే నీరు జారి ఊపిరితిత్తుల వైపు పోతుంది. తాగగానే దగ్గు, గొంతులో నీళ్ళు గరగరలాడినట్టు మాట, తిన్న ప్రతిసారీ కళ్ళ వెంట నీళ్ళు, మాటిమాటికీ జ్వరం కనబడితే ఇంట్లో ప్రయోగాలు ఆపి మింగే పరీక్ష చేయించండి. కొంతమందికి దగ్గు కూడా రాదు, లోపలికి పోతున్నా పైకి తెలియదు. అందుకే ఆ పరీక్ష తప్పనిసరి.

చిక్కగా చేయమన్నారు కదా అని బియ్యప్పిండి కలిపి జావ కాస్తుంటారు. ఇక్కడ ఒక సంగతి ఉంది. మన లాలాజలం పిండిని విరగ్గొడుతుంది. ఎంగిలి చెంచా గిన్నెలో మళ్ళీ మళ్ళీ ముంచితే పది నిమిషాల్లో ఆ జావ నీళ్ళయిపోతుంది. చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం వడ్డించండి. థెరపిస్ట్ చెబితే మందుల షాపులో దొరికే చిక్కబరిచే పొడి వాడండి. క్సాంథన్ గమ్‌తో చేసినది లాలాజలానికి అంత త్వరగా పల్చబడదు.

పడుకోబెట్టి మాత్రం ఎప్పుడూ పెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక ఇంకో అరగంట అలాగే ఉంచాలి. గడ్డం దించి మింగడంలాంటి పద్ధతులు అందరికీ పనికిరావు, థెరపిస్ట్ చెబితేనే చేయించండి.

మెత్తగానే కనబడి ఇబ్బంది పెట్టేవి ఏమిటి?

తాటి ముంజ. ఎండాకాలం రోడ్డు పక్కన చూడగానే, ఇంతకంటే మెత్తనిది ఏముంటుందని కొని తెస్తాం. పైన జారే కండ, లోపల నీరు. కొరకగానే ఆ నీరు ముందు పరుగెడుతుంది, కండ వెనక మిగులుతుంది. మింగే ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇలా రెండు రకాలు ఒకేసారి నోట్లోకి రావడమే ప్రమాదం. మజ్జిగ అన్నం, చారన్నం, ముక్కలున్న పప్పుచారు, పాలలో తేలే సగ్గుబియ్యం కూడా ఇంతే. మజ్జిగ అన్నం ఇష్టపడే వాళ్ళకి గట్టి పెరుగు వేసి నీరు విడవకుండా మెత్తగా రుబ్బి ఇవ్వచ్చు.

బాలింతలకి పెట్టే సొరచేప పిట్టు మెత్తనిదే కానీ పొడిపొడిగా విరిగి గొంతులో చెల్లాచెదరవుతుంది. తడిలేని ఇడ్లీ నోరు ఎండిన వాళ్ళకి అంగిలికి అతుక్కుంటుంది. బెండకాయలో గింజలు, టమాటా తొక్క, పెసరపప్పు పొట్టు సరేసరి.

నేను ఎక్కువగా గొడవపడేది తాలింపుతో. గుజ్జు ఎంత బాగా చేసినా పైన ఆవాలు, కరివేపాకు వేస్తే చేసిందంతా వృథా. రుచి వదులుకోనక్కర్లేదు. నేతిలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేయించి టీ వడపోతలోంచి ఆ నెయ్యి మాత్రమే గుజ్జులోకి వంచండి. వాసనంతా నేతిలోనే ఉంటుంది.

రోజూ చేసుకోవడానికి ఒక్క వంట చెప్పండి.

మా ఇంట్లో నెలల తరబడి నడిచింది ఇదే. 50 గ్రాముల బియ్యపు నూక, పొట్టు తీసిన పెసరపప్పు 50 గ్రాములు కడిగి అరగంట నానబెట్టండి. లేత ఆనపకాయ 100 గ్రాములు తొక్క, గింజలు తీసి తురమండి. అన్నీ కుక్కర్లో వేసి 600 మిల్లీలీటర్ల నీళ్ళు, చిటికెడు పసుపు, కొంచెం ఉప్పు వేసి సన్న మంట మీద ఐదారు విజిల్స్ రానివ్వండి. మూత తీశాక వేడి మీదే ఒక గుడ్డు గిలకొట్టి పోసి, కలుపుతూ ఇంకో రెండు నిమిషాలు ఉడికించండి. గుడ్డు పూర్తిగా ఉడకాలి. తర్వాత పప్పుగుత్తితో మెదపండి, లేదా మిక్సీలో తిప్పి జల్లెడ పట్టండి. పైన రెండు చెంచాల నెయ్యి. ఆ నేతిలోనే 90 కేలరీలు ఉన్నాయి, జబ్బు మనిషికి నెయ్యి ఎందుకని తగ్గించకండి, డాక్టర్ వద్దంటే తప్ప. ఇది రెండు పూటలకి వస్తుంది. మొత్తం మీద 20 గ్రాముల పైనే ప్రోటీన్.

ఆనపకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారేయండి. చేదు ఆనపకాయ వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. ఆనపకాయ బదులు బీరకాయ, గుమ్మడి, క్యారెట్ మార్చి మార్చి వేయండి. అదే రంగు, అదే రుచి వారం రోజులు చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే విసుగొస్తుంది.

గుడ్డు తినని ఇళ్ళలో పెసరపప్పు పెంచి, పక్కన పెరుగో, మెత్తగా గిలకొట్టిన పనీరో ఇవ్వండి.

నాటుకోడి సూప్, మేక కాళ్ళ పాయా తాగితే బలం వస్తుందంటారు?

ఓదార్పు వస్తుంది. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు మిరియాలు, అల్లం వేసిన వేడి సూప్ గొంతులో దిగుతుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకూ తెలుసు. కానీ ఎముకల నీళ్ళలో రుచి, ఉప్పు, కాస్త జిగురు తప్ప పెద్దగా ఏమీ లేదు. బలం ముక్కలో ఉంటుంది. మనం సూప్ రోగికి పోసి, ముక్కలు మనం తింటాం!

ఎముకల్లేని కోడి ముక్కలు 100 గ్రాములు, ఒక చిన్న బంగాళదుంప, నాలుగు ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు మిరియాల పొడి వేసి కుక్కర్లో బాగా మెత్తబడేదాకా ఉడికించండి. ముక్కలతో సహా ఆ నీళ్ళతోనే మిక్సీ పట్టి, జల్లెడలో చెంచాతో నొక్కి తీయండి. పీచు పైన మిగిలిపోతుంది. బంగాళదుంప వల్ల నీరు విడవకుండా చిక్కగా నిలుస్తుంది. ఈ ఒక్క గిన్నె, నాలుగు గిన్నెల పల్చటి సూప్ కంటే మేలు.

చేపలు పెట్టచ్చా?

సముద్రం పక్కనుండి చేప మానేయమంటే మా నాన్న ఒప్పుకునే మనిషి కారు. పెట్టచ్చు, ముల్లు విషయంలోనే జాగ్రత్త. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళితే చందువా, పండుగప్ప దొరుకుతాయి. చందువా కండ మెత్తన, సన్న ముళ్ళ బెడద తక్కువ. చెరువు చేపల్లో కొర్రమీను మంచిది. కానాగంతలు, కవళ్ళు ఎంత రుచైనా ఈ రోజులకి పక్కన పెట్టండి.

ఆవిరి మీద ఉడికించి, చల్లారాక కండని వేళ్ళ మధ్య నలుపుతూ ముళ్ళు తీయండి. కంటితో చూసి తీయడం కాదు, వేలికి తగలాలి. నేను రెండుసార్లు నలిపేదాన్ని. తర్వాత మెదిపిన బంగాళదుంప, కొంచెం కొబ్బరిపాలు, ఉప్పు కలిపి సన్న సెగ మీద ఒక ఉడుకు. చింతపండు పులుసు పెట్టలేకపోయినా వాసనకి చేపల కూరే అనిపిస్తుంది.

నోరంతా పుండ్లు. ఏం పెట్టినా మంట.

గొంతుకి రేడియేషన్ తీసుకునేవాళ్ళకి సాధారణంగా రెండు, మూడు వారాల దగ్గర మొదలవుతుంది. కీమో తర్వాత అయితే వారం, పది రోజుల్లో. తినడానికి ముందూ తర్వాతా పుక్కిలించాలి. లీటరు నీళ్ళకి ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా, పుక్కిలించి ఉమ్మేయాలి. మంట మరీ ఎక్కువైతే భోజనానికి ముందు పూసుకునే నొప్పి మందు ఇస్తారు, డాక్టర్ని అడగండి. ఓర్చుకోవడం గొప్ప అనుకుని ఊరుకోకండి.

పచ్చిమిర్చి, ఎండుమిర్చి, చింతపండు, టమాటా, నిమ్మ, ఆవకాయ అన్నీ ఆగాలి. తిండి గోరువెచ్చగానో చల్లగానో ఉండాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆదుకున్నది ఆవిరి గుడ్డు. ఒక గుడ్డు, 100 మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పు లేదా చెంచా పంచదార నురగ రాకుండా కలిపి, వడకట్టి, ఇడ్లీ పాత్రలో మూత పెట్టిన గిన్నెలో సన్న సెగ మీద 12 నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే వెన్నలా దిగుతుంది.

నోరు ఎండిపోయి ముద్ద దిగట్లేదు.

ప్రతి ముద్దకీ తడి ఉండాలి. పెసరకట్టు, పలచటి పెరుగు, నెయ్యి, కొబ్బరిపాలు, ఏదో ఒకటి. ఇడ్లీ అయితే గోరువెచ్చని పెసరకట్టులో బాగా నానబెట్టి, మెదిపి ఇవ్వండి.

రుచి తెలియట్లేదు, తాలింపు వాసనకే కడుపులో తిప్పుతోందంటున్నారు.

వేడి తిండికి వాసన ఎక్కువ. అందుకే చల్లారినవి ఎక్కువమంది తినగలుగుతారు. పెరుగుతో రుబ్బిన మెత్తని అన్నం, అరటిపండు పాలతో గిలకొట్టినది, బొప్పాయి గుజ్జు, సీజన్లో ఏజెన్సీ నుంచి వచ్చే సీతాఫలం గింజలు తీసి జల్లెడ పట్టినది. తాలింపు పెట్టేటప్పుడు రోగి గది తలుపు వేయండి, లేదా వాళ్ళు బాల్కనీలో కూర్చున్న వేళ చూసి పెట్టండి. నోట్లో ఇనుము రుచి వస్తోందంటే స్టీలు చెంచా మాని ప్లాస్టిక్‌దో చెక్కదో ఇచ్చి చూడండి. పుండ్లు లేకపోతే నాలుగు చుక్కల నిమ్మరసం చప్పిడి తిండిని లేపుతుంది.

"ఉప్పే లేదు" అని నాన్న విసుక్కుంటే మొదట్లో నాకు ఏడుపొచ్చేది. ఉప్పు సరిగ్గానే ఉండేది. నాలుకకి తెలిసేది కాదు, అంతే.

చోడి (రాగి) జావ మంచిదేనా? అంబలి, తరవాణి?

చోళ్ళలో కాల్షియం పుష్కలం, 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే. రెండు చెంచాల చోడి పిండి చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఎనిమిది, పది నిమిషాలు కలుపుతూ ఉడికించి, వడకట్టి, పాలు కలపండి. నీళ్ళతో కాచిన జావలో సగం బలమే ఉంటుంది. రాత్రంతా పులిసిన అంబలి, తరవాణి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చలవే. కీమోలో తెల్లకణాలు పడిపోయిన వాళ్ళకి ఇంట్లో పులియబెట్టినవి వద్దు. పుండ్లున్న వాళ్ళకి ఆ పులుపూ మంటే.

షుగర్ ఉంది. కిడ్నీ సమస్య ఉంది. ఇవే పెట్టచ్చా?

మెత్తగా ఉడికి, రుబ్బిన పిండి షుగర్‌ని త్వరగా పెంచుతుంది. నూక తగ్గించి పప్పు, గుడ్డు పెంచండి. అంతకంటే ముఖ్యమైనది, తిండి తగ్గినా మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డాక్టర్‌తో మాట్లాడి మోతాదు మార్చుకోండి. కిడ్నీ వాళ్ళకి కొబ్బరినీళ్ళు, అరటిపండు పొటాషియం వల్ల ప్రమాదం కావచ్చు. పైన చెప్పిన ప్రోటీన్ లెక్క కూడా వాళ్ళకి వర్తించదు.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఆసుపత్రి దగ్గర గది తీసుకున్నాం. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే ఉంది.

అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికైనా, కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కైనా శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి వచ్చేవాళ్ళు చాలామంది ఇలాగే ఉంటారు. ఇండక్షన్ మీద పనిచేసే మూడు లీటర్ల కుక్కర్, పప్పుగుత్తి, సన్న జల్లెడ, వెడల్పు మూతి ఫ్లాస్కు ఉంటే చాలు. ఊరి నుంచి వచ్చేటప్పుడే నూక, పెసరపప్పు దోరగా వేయించి సమంగా కలిపి డబ్బాలో పోసి తెచ్చుకోండి. జీలకర్ర పొడి, చోడి పిండి, పాలపొడి, నెయ్యి తోడుంటే ఫ్రిజ్ లేకపోయినా వారం గడుస్తుంది. కూరగాయలు మాత్రం ఏ రోజుకారోజు రైతుబజారులో కొనుక్కోండి.

చేసింది ఎంతసేపు ఉంచచ్చు? కరెంటు పోతే?

విశాఖ ఉక్కలో గుజ్జు ఆహారం చాలా త్వరగా చెడుతుంది. మామూలుగా బయట 2 గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంట మించి ఉంచకండి. వెడల్పు గిన్నెలో పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా వాడేయండి. మళ్ళీ ఇచ్చేటప్పుడు గోరువెచ్చ చేయడం కాదు, తెర్లనిచ్చి తర్వాత చల్లార్చాలి. మిక్సీ జార్ రబ్బరు తీసి కడగండి, దాని కిందే పాచి పేరుకుంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. మా కింది వాటా పిన్నిగారు మంచంలో ఉన్న అత్తగారికి పప్పుగుత్తి, పలచటి నూలు గుడ్డతోనే అంతా చేసి పెట్టారు. మిక్సీ లేకపోయినా ఈ వంట ఆగదని అప్పుడే చూశాను. తుఫాను హెచ్చరిక రాగానే గ్యాసు, పాలపొడి చూసుకోండి.

పన్ను పీకించుకున్నాక?

మొదటి రోజు చల్లటి మెత్తనివి. స్ట్రాతో పీల్చకూడదు, గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. నువ్వులు, రవ్వ, పలుకులు ఉన్నవి కొన్నాళ్ళు ఆపండి.

ముక్కు గొట్టంలో ఇంటి జావ పోయచ్చా?

డైటీషియన్ రాసిచ్చినది, రాసిచ్చిన కొలతలోనే. చిక్కటి జావ గొట్టంలో గడ్డకట్టి మూసుకుపోతుంది. తల వైపు ఎత్తుగా ఉంచడం, పోసిన తర్వాత గొట్టంలో శుభ్రమైన నీళ్ళు పోయడం నర్సు దగ్గర చేసి చూపించుకుని నేర్చుకోండి.

ఎంత బతిమాలినా తినట్లేదు. బలవంతంగా పెట్టాలా?

పెట్టకండి. మన ప్రేమంతా "ఇంకొక్క ముద్ద" అనడంలోనే ఉంటుంది, నాదీ అంతే. కానీ మింగలేని మనిషికి ఆ ముద్ద శిక్షవుతుంది. పెద్ద గిన్నె చూస్తేనే ఆకలి చచ్చిపోతుంది. టీ కప్పులో సగం, రోజుకి ఆరేడుసార్లు. ఏ వేళ కాస్త ఓపికగా ఉంటారో గమనించి ఆ వేళకి బలమైనది ఇవ్వండి. మా నాన్నకి ఉదయం ఎనిమిదింటికి బాగుండేది. మధ్యాహ్నం రేడియేషన్ నుంచి వచ్చాక పాలు తప్ప ఏదీ దిగేది కాదు. అది తెలిశాక గుడ్డు వేసిన గుజ్జు పొద్దున్నకి మార్చాను. ఏం తింటారని అడగడం కంటే రెండు చిన్న గిన్నెలు చూపించి ఏది కావాలని అడిగితే జవాబు త్వరగా వచ్చేది.

ఐదారు రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే. ఒంట్లో లవణాలు తారుమారై గుండె మీద ప్రభావం పడుతుంది. డాక్టర్ చూస్తుండగా కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

రోజంతా నీళ్ళు కూడా దిగకపోతే, మూత్రం బాగా తగ్గితే, నెలలో బరువు నూటికి 5 వంతులు మించి పడిపోతే, తిన్నాక దగ్గుతో జ్వరం వస్తే. కీమోలో ఉన్నవాళ్ళకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే అర్ధరాత్రి అయినా సరే. తింటూ ఊపిరాడకపోతే ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మళ్ళీ మామూలు భోజనం ఎప్పుడు?

రేడియేషన్ అయిపోయిన రోజునే గొంతు బాగుపడదు. ఆ తర్వాత ఒకటి, రెండు వారాలు మంట ఇంకా పెరగచ్చు. ముందు మిక్సీ మాని పప్పుగుత్తికి రండి. తర్వాత మెత్తని పప్పన్నం, ఆపైన ముళ్ళు తీసిన చేప ముక్క, చివర్లో పులుపు, అన్నిటికంటే చివర కారం. ఒక వారంలో ఒక్క మార్పే చేయండి. మా ఇంట్లో చందువా పులుసు మళ్ళీ కాగింది రేడియేషన్ ముగిసిన నాలుగో నెలలో. చింతపండు సగం, మిరపకాయ లేదు. నాన్న అన్నంలో కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, పులుసులో ఉప్పు ఎక్కువైందన్నారు. నిజంగానే ఎక్కువైంది.